అల్ నహ్దాలో గులాబీ తోట

ఆన్‌లైన్ క్లాసులు ముగిసి పిల్లలు మళ్ళీ షార్జా బడికి వచ్చిన ఏడాది, ‘మా ఇంట్లో ఉదయం’ మీద మూడో తరగతి ఇంగ్లీషు వ్యాసాలు దిద్దుతుంటే నాకు పిచ్చెక్కినంత పనైంది. సగం మంది ఇంటి వెనక గులాబీ తోటే! ఈ పిల్లలుండే అల్ నహ్దా పేటలో, ఒక్కో ఫ్లాట్‌లో రెండేసి కుటుంబాలు సర్దుకునే చోట, తోటెక్కడిదండీ? వాళ్ళ బిల్డింగ్‌లో ట్యూషన్ చెప్పే ఆంటీ ఒకే వ్యాసం అందరి చేతా బట్టీ కొట్టించింది. తల్లులకు మార్కులొస్తే చాలు.

కాలుగాలిన పిల్లిలా బెంచీల మధ్య తిరిగి తిరిగి ఒక పాప దగ్గర ఆగాను. వాళ్ళమ్మ నర్సు, కాకినాడ వైపు మనిషి.

“పొద్దున్నే మీ ఇంట్లో ఏం జరుగుతుందే?” అని, క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలన్న రూలు పక్కనపెట్టి తెలుగులోనే అడిగాను.

“ఏమీ జరగదు మిస్. అమ్మ డ్యూటీ నుంచి అర్ధరాత్రి వస్తాది. నేను లేచేసరికి పడుకునే ఉంటాది.”

“అదే రాయి తల్లీ.”

కాగితం చిరిగేలా చెరిపి చెరిపి రాసింది. అమ్మ నిద్రపోతుంది. నేను బూట్లు చేత్తో పట్టుకుని బయటికొస్తాను. లిఫ్టు దగ్గర వేసుకుంటాను. ఇంగ్లీషు నిండా తప్పులే, అయినా నా సంతోషం పట్టలేక ఆ కాగితాన్ని క్లాసు నోటీసు బోర్డుకెక్కించాను.

బడి తనిఖీకి అధికారులు వస్తున్నారు, తల్లి ఒప్పుకోకపోతే తీసేయమని సూపర్‌వైజర్ తేల్చి చెప్పింది. తల్లికి ఫోన్ చేసి రమ్మన్నాక నాకు కాలు నిలవలేదు. అది దిగితే ఆ పిల్ల ఇక సొంతంగా ఒక్క ముక్క రాయదు.

మర్నాడు ఆవిడ నిద్ర చాలని కళ్ళతో వచ్చి, గబగబా చదివింది.

“ఇదేంటండి మేడమ్ గారూ, తల్లి పడుకుంటే పిల్ల తనంతట తనే పోతుందని అందరూ చదవాలా? తోట వ్యాసానికి ఫుల్ మార్కులొచ్చేవండి!”

“మీకు తోట ఉందా అమ్మా?” కోపం ఆపుకోలేక అనేశాను.

ఆవిడ బోర్డు వైపు తిరిగింది. మళ్ళీ మొదట్నుంచీ చదివింది, ఈసారి వేలు పెట్టి. కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

“రోజూ బయటే వేసుకుంటున్నావా బూట్లు? లేపితే తిడతానేంటే నిన్ను?”

“తిట్టవమ్మా. లేస్తే మళ్ళీ నీకు నిద్ర పట్టదుగా.”

ఆవిడ చున్నీతో ముఖం తుడుచుకుంది.

“ఉండనివ్వండి మేడమ్ గారూ. ఒక ఫొటో తీసుకుంటానండి.”

ఫోన్ పైకెత్తింది. కూతుర్ని వదలకుండానే ఫోన్ నా చేతికిచ్చి, నన్నే ఫొటో తియ్యమంది.