అతుకు ఉన్న ఉంగరం

మా ఆవిడ పెళ్లినాటి ఉంగరం పదేళ్లకే కోలగా వంగిపోయింది. బూడిదతో, ఇసుకతో గిన్నెలు తోమీ తోమీ అంచులు అరిగి, ఒకచోట దారంలా సన్నబడింది. నేను సారపాకలో కాగితం మిల్లు వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసేవాణ్ని. పొద్దస్తమానం ఇనుముతో, స్టీలుతో సావాసం కాబట్టి బంగారమంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులవి. ఉంగరం బాగుచేయిద్దామని ఇద్దరం గోదావరి వంతెన దాటి, భద్రాచలంలో మాకు తెలిసిన కంసాలి పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"మేలిమి బంగారం మెత్తగనే ఉంటది బిడ్డా. కరిగిచ్చి, కొంచెం రాగి ఎక్కువ కలిపి మళ్ల చేస్త. గట్టిపడుద్ది. ఇంకో పదేండ్లు చూసుకోనక్కర్లే" అన్నాడు.

నేను ఊరుకుంటే బాగుండేది. "పదేండ్లకోసారి కరిగిచ్చుడేంది తాతా? మైనం ముద్ద నయం గదా. మా స్టీలు చూడు, యాసిడ్‌ల నానబెట్టినా మచ్చ పడది" అన్నాను. కొట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఉంగరం తిరిగి నా చేతిలో పెట్టేశాడు. మా ఆవిడ నాకంటే ముందే కొట్టు దిగి నడిచింది.

నాకు పంతం ఎక్కువ. ఫోర్‌మన్‌ను అడిగి, తుక్కులో వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డు ముక్క ఒకటి తీసుకున్నాను. భోజనాల విరామంలో లేత్‌కు బిగించి, మధ్యలో తొలిచి, ఉంగరం మందాన కోసి, ఎమరీ కాగితంతో అద్దంలా మెరిసేదాకా రుద్దాను. అతుకు లేదు, గీత పడదు, నల్లబడదు. మా ఆవిడ వేలి కొలతకు, షాఫ్టుకు బేరింగు కూర్చోబెట్టినట్టు వెంట్రుకవాసి ఖాళీ లేకుండా చేశాను. నేను చేసిన తప్పు అదే. యంత్రాలకు అలవాటు పడ్డవాణ్ని, షాఫ్టు వాయదు కదా.

సబ్బునీళ్లు రాసి తొడిగితే గాని అది ఎక్కలేదు. "మళ్ల ఊడొస్తదా ఇది?" అని అడిగింది.

"ఊడే పనేంది?" అన్నాను గొప్పగా.

ఏడాది గడిచింది. మా ఆవిడ ఇంటి దగ్గర అడ్డాకులతో విస్తళ్లు కుట్టేది. అడవి పల్లెల ఆడవాళ్లు ఆకుల కట్టలు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఓ రోజు పొద్దున కట్ట విప్పుతుంటే లోపలున్న జెర్రి ఉంగరం వేలి కొసన కరిచింది. నేను షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని, చెయ్యి నీళ్ల గిన్నెలో పెట్టుకుని ఉంది. వేలు అరటికాయలా వాచింది. ఉంగరం ఎక్కడుందో కనబడటం లేదు, కండలోకి దిగిపోయింది. గోరు నీలంగా మారింది.

మా వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. సూది వేశాడు. ఉంగరాలు కోసే చిన్న రంపపు చక్రం ఒకటి తీసి ప్రయత్నించాడు. బంగారమైతే క్షణాల్లో తెగేది. నా స్టీలు మీద అది జారింది, వేడెక్కింది, మా ఆవిడ పళ్లు బిగించింది.

"గిది ఎవరు చేసిన్రు?" అన్నాడు డాక్టరు.

"నేనే సార్."

"మంచిగ చేసినవ్. జల్దీ తియ్యకపోతే వేలు దక్కదు."

మిల్లుకు పోయి హాక్‌సా బ్లేడు తెస్తానన్నాను. మా ఆవిడ నావైపు చూసి, "నీ రంపాలొద్దు, నువ్వొద్దు. తాత దగ్గరికి పోదాం నడువ్" అంది.

స్కూటరు మీద వంతెన దాటుతున్నంతసేపూ ఆయన మమ్మల్ని గడప తొక్కనివ్వడేమోనని భయపడ్డాను. ఆయన ఆమె చెయ్యి చూశాడు, నా ముఖం చూడలేదు. ముందు చేతిని తల కంటే పైకి ఎత్తి పట్టుకోమన్నాడు. చల్లటి నీళ్లు పోశాడు. సన్నటి పట్టుదారం తీసి, ఒక కొసను ఉంగరం కిందనుంచి సూది మొండి వైపుతో మెల్లగా దూర్చాడు. మిగిలిన దారాన్ని ఉంగరం దగ్గరనుంచి గోరు దాకా ఒత్తుగా, సందు లేకుండా చుట్టాడు. వాపు దారం కింద అణిగింది. ఆమె నా భుజాన్ని పట్టుకుంది, ఆ గోళ్ల గుర్తులు వారం రోజులున్నాయి. తర్వాత ఉంగరం కింద దూర్చిన కొసను పట్టుకుని చుట్టు చుట్టుగా విప్పుతుంటే ఉంగరం ఒక్కో చుట్టుకు ఒక్కో పిసరు ముందుకు కదిలింది. కణుపు దగ్గర ఆగింది. ఆయన సబ్బు రాసి, "ఒక్క చుట్టు బిడ్డా, అయిపాయె" అన్నాడు. ఉంగరం నేల మీద పడి ఖంగుమంది.

వేలికి నెత్తురు తిరిగి ఎర్రబడుతుంటే నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

"లోహం ఎంత గట్టిదైతే ఏంది?" అన్నాడాయన అప్పుడు, నా ముఖం చూసి. "నువ్వు తొడిగింది మనిషి వేలికి. అది వాస్తది, సన్నబడ్తది. నువ్వు లోహాన్నే చూసినవ్."

ఎన్ని దండాలు పెట్టినా ఆయన రుణం తీరదు. నాకు చేతనైంది ఒకటే. అదే రాడ్డు ముక్కలో మిగిలినదాన్ని ఒక కొసకు సన్నగా దించి, ఉంగరాలు గుండ్రంగా కొట్టుకునే కడ్డీ చేసి తీసుకెళ్లాను. ఆయన దాన్ని వేలితో తడిమాడు. "గిది గదా స్టీలు చెయ్యాల్సిన పని" అని నవ్వాడు. ఆ కడ్డీ మీద మొదట గుండ్రమైంది మా ఆవిడ పాత ఉంగరమే. రాగి కలిపి, కాస్త వదులుగా చేశాడు. ఇచ్చేముందు వెనకవైపు తిప్పి సన్నటి గీత ఒకటి చూపించాడు.

"ఇగో, ఈడ అతుకు. రేపేదన్న అయితే ఈడనే కొయ్యమను. నేనుంటనో లేనో."

ఆయన ఇప్పుడు లేడు. స్టీలు ఉంగరం నా పనిముట్ల పెట్టెలో ఉంది, ఇప్పటికీ గీత పడలేదు. బంగారపుది మళ్లీ అరుగుతోంది, మళ్లీ వంగుతోంది. అప్పుడప్పుడు మా ఆవిడ చెయ్యి పట్టుకున్నప్పుడు నా బొటనవేలు ఆ అతుకును వెతుక్కుంటుంది. అది దొరికాక నా మనసు నిమ్మళిస్తుంది.