ఇల్లరికపు సిఫారసు

జూన్ పదకొండు, సోమవారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం పాలచెంబు. మా అమ్మ రోజూ ఇంగ్లీషు సారు వాళ్ళింటికి తీసుకెళ్ళే మేకపాల చెంబు, ఎంత నిండుగా వెళ్ళిందో అంత నిండుగా తిరిగివచ్చింది. "సారు లేడు బిడ్డా" అంది అమ్మ. ఏదో ఊరికి వెళ్ళారనుకుని, "ఎటు పోయిండు? నన్ను పొద్దుగాల్నే రమ్మన్నడు గద" అన్నాను. అమ్మ చెంబు కింద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నాక గాని నాకు అర్థం కాలేదు. నిద్రలోనే పోయారట.

ఆలేరు దగ్గరి మా ఊరి బడిలో చదివినవాళ్ళకు ఆయన్ను పరిచయం చేయనక్కరలేదు. మిగతావాళ్ళ కోసం ఆయన సైకిలు సంగతి చెబుతాను. దాన్ని ఆయన ఎక్కగా చూసినవాళ్ళు లేరు. హ్యాండిలుకు గొడుగు తగిలించి, వెనక పుస్తకాలు కట్టి, మా బాపు పొట్టేలును సంతకు తోలుకుపోయినట్టు పక్కన నడిపించుకుంటూ వెళ్ళేవారు. ఎందుకు ఎక్కరని అడిగితే, "ఎక్కి పోతే ఎవడన్న మాట్లాడుతడారా? దిగి నడిస్తే ఊరంత మాట్లాడుతది" అనేవారు. నిజమే. బడి నుంచి ఇల్లు చేరేసరికి ఆయనకు పొద్దుగూకేది.

నైజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, ఇంగ్లీషును నిఘంటువులోంచి నేర్చుకున్న మనిషి. నాకు రోజుకొక మాట ఇచ్చేవారు. చీకటి పడేలోగా దాన్ని ఎవరిమీదైనా ప్రయోగించి రావాలి. "మాటను జేబుల పెట్టుకుంటే మెత్తబడుతదిరా. వాడుకోవాలె" అనేవారు. మా ఊళ్ళో ఇంగ్లీషు వినే ఓపిక గొర్రెలకే ఉండేది. దొడ్లోకి రానని మొండికేసిన పొట్టేలును ఒకసారి "యూ ఆర్ రిలక్టెంట్" అని తిట్టాను. మర్నాడు ఈ సంగతి చెబితే సారు నవ్వలేదు. "సరైన జాగల వాడినవ్" అని మెచ్చుకుని, "మరి అదేమన్నది?" అని శ్రద్ధగా అడిగారు. నాకు మాటల పిచ్చి పట్టింది అప్పటినుంచే. కొత్త మాట దొరికిన రోజు జొన్నరొట్టె కూడా ఇంకాస్త రుచిగా ఉండేది.

నేను హైదరాబాదులో పశువైద్యం చదివి ఇంటికి వచ్చాక, స్కాట్లండు ప్రకటనను పత్రికలో చూసింది సారే. అక్కడి ఒక విశ్వవిద్యాలయంలో గొర్రెల పెంపకం మీద పై చదువు ఉంది. ఓడ ప్రయాణం, బస, భోజనం, చదువు అన్నీ వాళ్ళే భరిస్తారు. దరఖాస్తుతోపాటు, మనల్ని చిన్నప్పటినుంచి ఎరిగిన పెద్దమనిషి ఎవరైనా సిఫారసు ఉత్తరం రాయాలి.

ఇందులో ఒక్క ముక్కా బాపుకు మింగుడుపడలేదు.

"గొర్లను గాసుడు నేర్సుకునేతందుకు సముద్రం దాటాల్నా సారూ? నా గొర్లకేం రోగం?"

"కాసుడు కాదన్నా, శాస్త్రం."

"ఏందన్న గానీ. అన్నం బెట్టి, జాగ ఇచ్చి, ఖర్సు వెట్టుకోని తీస్కపోతరా? ఊకెనే ఎవలు జేస్తరు? ఇందుల ఏదో మతలబున్నది."

సారు కాసేపు గడ్డం గోక్కున్నారు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది. "అన్నా, ఇది ఇల్లరికమనుకో."

బాపు ముఖం కూడా వెలిగింది. "గట్ల జెప్పుండ్రి మరి!"

బాపు ఒప్పుకున్నాడు. కాని చిక్కంతా అక్కడే మొదలైంది. పిల్లవాణ్ని ఇల్లరికం తీసుకుపోయేవాళ్ళు ముందు గట్టిగా ఆరా తీస్తారు కదా. మా ఊరి పిల్లల గురించి సంబంధం కోసం ఏ ఊరివాళ్ళు ఆరా తీసినా, జవాబు చెప్పేది ఎప్పుడూ సారే. అదే చేత్తో ఆయన స్కాట్లండుకూ రాశారు. ఆదివారంనాడు మా వాకిట్లో మంచం మీద కూర్చుని, బాపు కోసం తెలుగు చేస్తూ చదివి వినిపించారు. పిల్లవాడు మంచి ఇంటివాడు. తాతల నాటినుంచి మంద ఉన్న ఇల్లు. కల్లు ముట్టడు. వడ్డించింది తింటాడు. పెద్దలకు ఎదురు చెప్పడు. అలిగి ఇంటికి తిరిగిరాడు.

నేను అడ్డుపడ్డాను. "సారూ, నా చదువు సంగతి?"

"అది సర్టిఫికెట్ల ఉన్నది గదరా. గుణం సర్టిఫికెట్ల ఉంటదా?"

బాపు గొంతు సవరించుకున్నాడు. "ఆకలైతే వీనికి కోపమొస్తది. అది రాసిండ్రా?"

"బాపూ!"

"నువ్వూకో. రేపు మనం మోసం జేసినమంటరు."

సారు తలూపి రాసుకున్నారు.

"చిన్నప్పుడు తేలు కుట్టింది."

"అదెందుకే బాపూ?"

"దాసిపెట్టి అంటగట్టిండ్రన్న మాట రావద్దు."

తేలు కూడా ఎక్కింది. అంతలో దొడ్లోంచి అమ్మ కేకేసింది. "గురక వెడ్తడు సారూ, గది గూడ జెప్పుండ్రి!"

గురకకు ఇంగ్లీషు మాట సారుకు వెంటనే తట్టలేదు. నాకు తెలుసు, చెప్పలేదు. ఆయన నిఘంటువు తెరిచారు.

ఎండాకాలం చివర్లో జవాబు వచ్చింది. నా మార్కులు, నేను రాసిన వ్యాసం వాళ్ళకు నచ్చాయి. కాని సిఫారసు ఉత్తరంలో చదువు ఊసే లేదు కనక దాన్ని పక్కన పెడుతున్నామని, దానికి బదులు ఇంకొకటి జూలై సగానికల్లా అందకపోతే నా దరఖాస్తు అక్కడితో ఆగిపోతుందని రాశారు.

సారుకు కోపం వచ్చింది. "వాళ్ళకు పిల్లగాడు వద్దురా, మార్కులు గావాలె" అని రెండు రోజులు సైకిలు కూడా బయటికి తీయలేదు. ఆయన భార్యను మేము పెద్దమ్మ అంటాం. ఆమే సర్దిచెప్పింది. "నీ పంతం పాడుగాను, పిలగాని నోటికాడి కూడు తీస్తవా?" అని ఆమె అరిచాక సారు మెత్తబడ్డారు. ఆదివారం సాయంత్రం నన్ను పిలిచి, "ఫికర్ జెయ్యకు. నీ చదువు సంగతి వాళ్ళ కండ్లు చెదిరేటట్టు రాస్త. జర ఆలోచించనియ్యి. పొద్దుగాల్నే రా" అన్నారు.

పొద్దుగాల పాలచెంబు తిరిగివచ్చింది.

దహనం అయి, స్నానాలు చేసి ఇంటికి వచ్చాక, "ఇంక స్కాట్లండు సంగతి ఒడిసింది బాపూ" అన్నాను. బాపు తడి కండువా పిండి దండెం మీద ఆరేశాడు. తరవాత, "పెద్దమనిషి పోయిండని సంబంధం ఇడిశిపెడ్తమారా?" అన్నాడు.

నిన్నటితో సారు దినాలు ముగిశాయి. అడిగితే మా కాలేజీ ప్రిన్సిపాలు వెంటనే రెండో ఉత్తరం రాసి నాకు పంపారు. తెలివైనవాడు, శ్రద్ధగలవాడు అని అందులో ఉంది. ఆయనకు రుణపడి ఉంటాను. అయితే దాంతోపాటు నేనూ ఒక పేజీ రాసి జతచేశాను. దయచేసి మొదటి ఉత్తరాన్ని పక్కన పెట్టకండి, దానికి బదులుగా కాక, దాని వెనకనే ఈ రెండోదాన్ని ఉంచండి అని వేడుకున్నాను. మా వైపు ఒక పెద్దమనిషి, ఈ పిల్లవాడు అలిగి తిరిగిరాడని చెప్పాడంటే, రేపు వాడు అలిగి వస్తే నలుగురిలో తన తల వంచుకోవడానికి ఒప్పుకున్నట్టు. సారు నా గురించి చెప్పిన ప్రతి మాటకూ తన పరువును పూచీ పెట్టారు. ఆ సంగతి తెలియజేయడానికి ఆయన నాకిచ్చిన మాటలన్నీ వాడుకున్నాను. ఒక్కటీ జేబులో మిగల్చలేదు. గురక సంగతి నిజమేనని కూడా ఒప్పుకున్నాను.

వాళ్ళు ఏమంటారో తెలియదు. రేపు పొద్దున అమ్మ చేతిలోంచి పాలచెంబు నేనే అందుకుంటాను. పెద్దమ్మకు పాలు పోసి, సారు సైకిలు అడిగి తీసుకుని, ఉత్తరంతో ఆలేరు తపాలాఫీసుకు వెళ్తాను. టపా కట్టే వేళకు అందాలంటే తొక్కక తప్పదు. కాని ఊరు దాటేదాకా ఎక్కను. హ్యాండిలుకు గొడుగు తగిలించుకుని, పక్కన నడిపించుకుంటూ వెళ్తాను. ఎక్కడికిరా పిల్లగా అని ఊరంతా అడగాలి.