టేపక్క కొలిచిన వారం

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, వీధిలో ఎవరికీ అది గుర్తులేదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరికీ టేపక్కే. కరెంటు బిల్లు తెచ్చే మనిషి కూడా "టేపక్కా, బిల్లు!" అని గుమ్మంలోంచి కేకేస్తాడు. ముప్ఫై రెండేళ్ళుగా ఆ ఇంటి ముందుగదే ఆమె కుట్టుకొట్టు. కిటికీ పక్కన మిషను, గోడకి నిలువుటద్దం, గది మధ్యలో అడ్డంగా ఒక తెర. తెరకి ఇవతల కొలతలు, అవతల సంసారం.

పనిలో టేపక్కకి రెండు పట్టింపులున్నాయి. మొదటిది, ఏ బట్ట కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ వెడల్పు బట్ట వదిలిపెడుతుంది. మిగతా దర్జీలు అరవేలు కూడా వదలరు, మిగిలిన ముక్కలతో సంచులు కుట్టి అమ్ముకుంటారు. "మనిషి ఇవాళున్నట్టు రేపుంటాడా? రేపు విప్పుకోడానికి లోపల కాస్త ఉండాలి," అంటుంది ఈవిడ.

రెండోది ఇంకా గొప్పది. "లావయ్యారు" అన్న మాట ఆమె నోటివెంట ఇంతవరకూ ఒక్కరు కూడా వినలేదు. నిరుడు కుట్టించుకున్న ప్యాంటు ఈ ఏడు నడుం దగ్గర పట్టక, మొహం మాడ్చుకుని వచ్చినవాళ్ళని అద్దం ముందు నిలబెడుతుంది. టేపు చుట్టి, అంకె చూసి, దాన్ని పైకి చదవకుండా మనసులోనే పెట్టుకుని, "మీరేం మారలేదండీ, బట్టే కుంచించుకుపోయింది," అంటుంది. కుట్టు విప్పి, లోపల వదిలిన బట్టతో వదులు చేసి ఇస్తుంది. వచ్చినవాళ్ళు తల ఎత్తుకుని వెళ్తారు. చెప్పింది అబద్ధమే. కానీ ఇంత పనికొచ్చే అబద్ధం ఊళ్ళో ఇంకొకటి లేదు.

తెర అవతల కూర్చుని ఈ మాటని వేలసార్లు విన్న మనిషి ఆమె భర్త. బస్సు కండక్టరుగా ముప్ఫై ఒక్కేళ్ళు చేసి, రెండు నెలల కిందటే రిటైరయ్యాడు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని జనాన్ని జరిపీ జరిపీ, తాను మాత్రం ఉన్నచోటే ఉండిపోయాడని టేపక్క ఎగతాళి చేసేది. అది ఎగతాళేనని తెలిసినా ఆయనకి ఎక్కడో గుచ్చుకునేది. సెలవులకి కొండలెక్కే బస్సుల్లో టికెట్లు కొట్టింది ఆయన, ఆ వెళ్ళేవాళ్ళకి కొత్తబట్టలు కుట్టింది ఆమె. ఇద్దరూ కలిసి ఒక్క సెలవుకి కూడా వెళ్ళిన పాపాన పోలేదు. పెళ్ళయిన కొత్తలో "వచ్చే ఏడు తీసుకెళ్తానే" అన్నాడు. ఆ వచ్చే ఏడు ముప్ఫైసార్లు వచ్చింది, ముప్ఫైసార్లూ వట్టిచేతులతోనే వెళ్ళిపోయింది.

రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బు బ్యాంకులో వేశారు. దాని వాసన ఎవరికి తగిలిందో గానీ, ఒకరోజు ఫోనొచ్చింది. మీరు అదృష్టవంతులుగా ఎంపికయ్యారు, దంపతులిద్దరూ హోటలుకొచ్చి గంటన్నర కూర్చుంటే చాలు, భోజనం ఉచితం, గోడగడియారం ఉచితం అని. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే లోకం కదా, కండక్టరు ఇస్త్రీచొక్కా వేసుకుని తయారైపోయాడు.

"ఆ టేపు తీసెయ్యవే. పెద్ద హోటలు," అన్నాడు.

ఆమె టేపు మెడలోంచి తీసి చేతిసంచిలో వేసుకుంది. ఇంట్లో వదిలెయ్యమని ఆయన చెప్పలేదుగా.

హాలు నిండా గుండ్రటి బల్లలు. బల్లకో జంట, జంటకో టై కట్టుకున్న మనిషి. వీళ్ళకి దొరికిన టై మనిషికి నలభై పైనే ఉంటాయి. మాట తేనె. అతను చెప్పిందేమిటంటే, కొండమీద వాళ్ళకో రిసార్టు ఉంది. నాలుగు లక్షలు ఒక్కసారి కడితే, అందులో ఒక గది ఏటా ఒక వారంపాటు వీళ్ళది. అలా పాతికేళ్ళు.

"అదే గది అద్దెకి తీసుకుంటే వారానికి నలభై వేలు సార్. పాతికేళ్ళకి పది లక్షలు. మీరు కట్టేది నాలుగే. ఆరు లక్షలు మిగులు! అద్దె డబ్బు గాలికి పోతుంది, ఇదైతే మీ సొంతం."

కండక్టరు మొహం వెలిగిపోయింది. "అంటే పాస్ లాంటిదన్నమాట! రోజూ టికెట్టు కొనేకంటే పాస్ తీసుకుంటే సగానికి సగం కలిసొస్తుందయ్యా అని ముప్ఫై ఒక్కేళ్ళు మొత్తుకున్నాను. ఒక్కడు వింటేనా!"

"సరిగ్గా చెప్పారు సార్, పాసే!" టై మనిషి ఆ మాటని ఒడిసి పట్టేసుకున్నాడు.

టేపక్క కాగితాలు అటూ ఇటూ తిరగేసింది. "ఇందులో లోపల ఎంత వదిలారండీ?"

"ఏం వదలాలమ్మా?"

"అదే, ఒక ఏడు మేం రాలేకపోతే? ఈయన మోకాళ్ళు కొండెక్కనివ్వకపోతే? మధ్యలో డబ్బు అవసరమైతే?"

"శుభమా అని కొంటూ అవన్నీ ఎందుకమ్మా?" అని నవ్వేశాడు.

ఆమె నవ్వలేదు. సంచిలోంచి టేపు తీసి, చివరి పేజీ అడుగున చీమలబారులా ఉన్న అక్షరాల మీద పెట్టింది. కండక్టరు సిగ్గుతో చచ్చిపోయి పక్కబల్ల వైపు చూశాడు.

"'మీ సొంతం' అన్నది వేలెడు ఉంది. ఇది రెండు మిల్లీమీటర్లు లేదు," అంది టేపక్క. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మెయింటెనెన్స్ ఏటా పదిహేను వేలు, ఎప్పటికప్పుడు పెరుగుతుంది, వచ్చినా రాకపోయినా కట్టాలి. "ఇది మీ లెక్కలో చెప్పలేదే? పాతికేళ్ళకి ఇదే నాలుగు లక్షల దగ్గరికొస్తుంది. పెరక్కపోతేనే!"

"ఇవాళ సంతకం పెడితేనే ఈ ధరమ్మా. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"నిదానమే ప్రధానం అని కూడా ఆ పెద్దలే అన్నారు," అని చేతులు కడుక్కోడానికి లేచి వెళ్ళింది. అదొక్కటే ఆమె చేసిన పొరపాటు. తిరిగొచ్చేసరికి భర్త పెన్ను జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఏం లేదు, అడ్రసు రాసిచ్చాను," అన్నాడు, గడియారం పెట్టెని చంకలో ఇరికించుకుంటూ.

దర్జీ ఇంట్లో చొక్కాజేబులకి రహస్యాలుండవు. మర్నాడు జేబు మూల ఊడిందని చొక్కా చేతిలోకి తీసుకుంటే రసీదు బయటపడింది. బ్యాంకు కార్డు మీద అడ్వాన్సు పది వేలు, తిరిగి ఇవ్వబడదు. మిగతా సొమ్ము నెలలోగా కట్టాలి. యజమాని పేరు అన్నచోట ఆయన పేరు లేదు, ఆమె పేరుంది. వీధి వీధంతా మరిచిపోయిన ఆ అసలు పేరు, ఆయన గుండ్రటి చేతిరాతలో, ఇంటిపేరుతో సహా.

మొదట ఆమెకి ఒళ్ళు మండింది. పేరు చూశాక కళ్ళు చెమ్మగిల్లాయి. పది వేలు గుర్తొచ్చి మళ్ళీ మండింది. ఊరుకుంటే ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది, బ్యాంకులో వేసిన ఆ నాలుగు లక్షల చిల్లర తప్ప వాళ్ళు వెనకేసుకున్నది పెద్దగా ఏమీలేదు. పోనీ నాలుగు కేకలేద్దామా అంటే, ముప్ఫై ఒక్కేళ్ళు చిల్లర పైసతో సహా లెక్క అప్పజెప్పిన మనిషి బతుకులో ఒకే ఒక్కసారి దర్జాగా, అదీ పెళ్ళాం కోసం, సంతకం పెట్టాడు. ఆ దర్జా మీద కొడితే ఆయన మళ్ళీ లేవడు. ఎంతో మంది నడుముల అంకెలు మనసులో దాచుకున్న టేపక్క ఈ అంకెని కూడా అక్కడే పెట్టుకుంది. రసీదు తిరిగి జేబులో పెట్టి, ఊడిన మూలని గట్టి దారంతో కుట్టి, చొక్కాని కొక్కేనికి తగిలించింది.

ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుని మామూలుగా అడిగింది. "ఏమండీ, కోటు కుట్టేముందు నేనేం చేస్తాను?"

"కచ్చా కుట్టు వేస్తావు," అన్నాడాయన. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలియదా. ఒకసారి తొడిగి చూడ్డానికి వేసే పొడుగు కుట్లు, లాగితే ఊడొచ్చేస్తాయి.

"ఈ వారాన్ని కూడా ఒకసారి తొడిగి చూద్దాం. అదే రిసార్టులో ఓ వారం అద్దెకి ఉందాం. ఒంటికి పడితే కొనుక్కుందాం. నా కుట్టుడబ్బులున్నాయిలెండి."

కాదనడానికి ఆయనకి కారణం దొరకలేదు. రెండు వీధుల అవతలుండే కూతురు ఫోన్లో వెతికి గది మాట్లాడిపెట్టింది. అదే రిసార్టు, అదే రకం గది. నలభై కాదు, ఇరవై ఎనిమిది వేలకే దొరికింది. కండక్టరు ఆ అంకె రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

కొండ బాగుంది. అందులో వంక పెట్టడానికి లేదు. మొదటిరోజు పొద్దున్నే మంచు కిటికీ దాకా వస్తే టేపక్క చెయ్యి బయటపెట్టి, మేలురకం బట్ట పట్టి చూసినట్టు వేళ్ళమధ్య రాసి చూసింది. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే ఆమె మెడ బోసిగా ఉంది. కండక్టరు ఆ మెడని చూసి పొంగిపోయాడు. లోయ చూపించడానికి తీసుకెళ్ళే వ్యానెక్కి, అలవాటు చొప్పున "ముందుకు జరగండి!" అని అరిచాడు. అందరూ నవ్వుతూ జరిగారు కూడా. నాలుగోరోజుకి చలికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి. ఐదోరోజుకి చూడాల్సినవన్నీ రెండేసిసార్లు చూడడం అయిపోయింది.

"వచ్చే ఏడు వచ్చి ఏం చూస్తామే?" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

"మనం సముద్రం చూడలేదు," అంది టేపక్క.

ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో ఒక రిటైరైన పంతులమ్మ కలిసింది. ఆమె కోటు లోపలి గుడ్డ చిరిగి వేలాడుతుంటే టేపక్క చేతులు ఊరుకుంటాయా, అక్కడే సూదీ దారం తీసి మొదలుపెట్టింది. మాటల్లో తేలింది, పంతులమ్మ పదకొండేళ్ళ కిందట ఇక్కడే ఒక వారం కొనుక్కుందని.

"అయితే మీకు సొంతమన్నమాట," అన్నాడు కండక్టరు ఆశగా.

"సొంతమే నాయనా. మనవలకి సెలవులున్నప్పుడు గదులు ఖాళీ ఉండవు. ఖాళీ ఉన్నప్పుడు పిల్లలకి బడి. మెయింటెనెన్స్ రెండింతలైంది. కాలు విరిగి రెండేళ్ళు మంచంలో ఉన్నా కట్టాను. అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఊరికే ఇచ్చేస్తాను, మీరు తీసుకుంటారా?"

కండక్టరు చేతిలో చెంచా గిన్నెలోకి జారిపోయింది. టేపక్క తలెత్తలేదు. కుట్టు పూర్తిచేసి, పళ్ళతో దారం కొరికి, "చలికి తట్టుకుంటుందండీ ఇక," అని కోటు ఇచ్చేసింది.

ఆఖరిరోజు పొద్దున వరండాలో కూర్చుని, కండక్టరు భోజనం బిల్లు వెనక పెన్నుతో ఏదో గీకుతున్నాడు. చాలాసేపటికి తలెత్తాడు.

"నాలుగు లక్షలూ బ్యాంకులోనే ఉంటే ఏడు శాతం వడ్డీ. ఏడాదికి ఇరవై ఎనిమిది వేలు. ఇక్కడ మన అద్దె సరిగ్గా అంతే! వడ్డీతో తిరగొచ్చు, అసలు కదలదు. అద్దె పెరిగిందే అనుకో, ఏడురోజులున్నవాళ్ళం ఐదురోజులుంటాం."

"అదే కదండీ లోపల వదలడమంటే."

"పాస్ అనుకున్నానే. రోజూ ఎక్కేవాడికి పాస్. ఏడాదికోసారి ఎక్కేవాడికి టికెట్టు చాలు. ఇది నాకు తెలియకా!" గొంతు తగ్గించాడు. "నీకొకటి చెప్పలేదు. ఆరోజు హాల్లో పప్పులో కాలేశాను."

జేబులోంచి రసీదు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె దానివైపు చూడలేదు. చూడలేదేమా అని ఆయన తన జేబువైపు చూసుకున్నాడు. మూలన కొత్త దారం, గట్టి కుట్టు.

"నీకు తెలుసు," అన్నాడు. "మొదట్నుంచీ తెలుసు. పది వేలు తగలేశానే. ఇంత తెలివితక్కువవాడిననుకోలేదు నేను."

టేపక్క ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

"మీరేం మారలేదండీ. బట్టే కుంచించుకుపోయింది."

ముప్ఫై రెండేళ్ళు తెర అవతల నుంచి కండక్టరు విన్న మాట అది. తెరకి ఇవతల, అద్దం ముందు నిలబడ్డట్టుగా వినడం ఇదే మొదటిసారి. విన్నవాళ్ళు తల ఎత్తుకుని ఎందుకు వెళ్తారో ఇప్పుడు తెలిసింది. నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, కళ్ళు తుడుచుకున్నాడు.

"సముద్రానికి పోదామే వచ్చే ఏడు. టికెట్టు కొట్టించుకునే పోదాం," అని రసీదు చింపబోయాడు.

ఆమె చటుక్కున లాక్కుంది.

"చింపకండి. మీ చేత్తో నా పేరు రాసింది ఇదొక్కటే."

నాలుగు మడతలు పెట్టి, సూదుల డబ్బాలో దాచుకుంది.