జీతం ఖాతాలో రెండో పేరు

మా ఆయన జీతం ఖాతాలో రెండో పేరు మా అత్తమ్మది. మామ గనిలో చనిపోయాక ఆ ఉద్యోగం మా ఆయనకిచ్చారు. అప్పుడు తల్లీకొడుకులిద్దరి పేర్ల మీద ఖాతా తెరిచారు. మా పెళ్ళయి ఆరేళ్ళయినా ఆ పేరు కదల్లేదు. రూపాయి వచ్చినా పోయినా ఇద్దరి ఫోన్లకూ మెసేజ్ వెళ్ళేది. నేను గోదావరిఖనిలో చీర కొంటే గోలేటిలో, మా బావగారింట్లో ఉన్న అత్తమ్మ ఫోన్ మోగేది. ఆమెకు చదువు రాదు. మా తోటికోడలు తీసుకుని చదివేది. ఆ తర్వాత ఎప్పుడు గోలేటికి వెళ్ళినా నా చీర ధర ఆ తోటికోడలే నాకు చెప్పేది.

నాకు ఒళ్ళు మండిపోయేది. కుళ్ళు అంటే కుళ్ళే, దానికి ఇంకో పేరు పెట్టను. పుస్తె నా మెడలో, మెసేజ్ ఆమె ఫోన్లో.

పోయినేడు గని గేటు ముందు వేరే బ్యాంకువాళ్ళు షామియానా వేసుకుని కూర్చున్నారు. జీతం తమ దగ్గరికి మార్చుకుంటే ప్రమాద బీమా ఉచితమన్నారు. మా ఆయన ఆ కాగితం తెచ్చి టీవీ పక్కన పడేశాడు. నేను వదల్లేదు. బీమా బీమా అని పోరు పెట్టాను గానీ, నా కన్నంతా ఆ రెండో పేరు మీదే.

అదేమో ఒక్క సంతకంతో అయ్యే పని కాదు. పాత బ్యాంకులో జీతం మీద తీసుకున్న అప్పు ఉంది. అది తీరేదాకా జీతం మరోచోట వేయించుకోనని మా ఆయన రాసిచ్చాడు. అందుకని కొత్త బ్యాంకు ఆ అప్పు కట్టేసి తన దగ్గరికి మార్చుకుంది. పాతవాళ్ళు బాకీ లేదని ఉత్తరమిచ్చారు. ఆ ఉత్తరమూ కొత్త ఖాతా నంబరూ గని ఆఫీసులో ఇస్తే, వచ్చే నెల జీతం ఇటు పడుతుందన్నారు. రెండో పేరు ఎవరిదని బ్యాంకు అమ్మాయి అడిగింది. మా ఆయన నోరు తెరిచేలోపే నా ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాను.

జీతం మెసేజ్ నా ఫోన్‌కు వచ్చిన రోజు సేమియా పాయసం వండాను. మా ఆయన ఫోన్లో డబ్బులు కట్టేది కూడా కొత్త ఖాతా నుంచే అయ్యేలా పెట్టించాను. అప్పటి నుంచి రోజూ ఒక మెసేజ్. షిఫ్టు ముగించి గని నుంచి పైకి రాగానే గేటు ఎదురు హోటల్లో ఆయన తాగే చాయ్‌కి పది రూపాయలు. చూసి పక్కన పెట్టేదాన్ని.

వారం తిరక్కుండా అత్తమ్మ గోలేటి నుంచి బస్సెక్కి వచ్చింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. కొంగులో చుట్టుకున్న ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

“ఇది ఖరాబైంది బిడ్డా. జర బాగు చేయించు.”

నిన్ననే కొడుకుతో మాట్లాడావు కదా, బాగానే ఉంది కదా అన్నాను. మాట్లాడటానికి మోగుతుందట, షిఫ్టు అయ్యాక మాత్రం మోగట్లేదట. నాకేమీ అర్థం కాలేదు.

“వాడు పైకొచ్చి చాయ్ తాగంగనే టింగుమంటుండె. ఆ సప్పుడు ఇన్నంకనే పండుకుంటుంటి. ఇప్పుడు వాడు పైకొచ్చిండో లేదో ఎట్ల తెల్వాలె?”

నా చీరల లెక్క ఆమెకు ఎప్పుడూ పట్టలేదన్నమాట. ఖాతా మార్చామని, ఆ మెసేజ్ ఇప్పుడు నాకొస్తోందని చెప్పేశాను. గొడవ పడుతుందని నడుం బిగించుకుని నిలబడ్డాను. ఆమె మాత్రం హాయిగా గోడకు ఆనుకుని కూర్చుంది.

“మంచిగైంది. మరి ఇన్నేండ్లు నీకెట్ల తెలుస్తుండె బిడ్డా?”

ఇన్నేళ్ళూ నేను అన్నం మీద మూతపెట్టి నిద్రపోయాను. ఆయన పైకొచ్చాడా అని ఒక్క షిఫ్టుకూ మేలుకుని కూర్చోలేదు.

తెలుస్తుండేలే అత్తమ్మా అని అబద్ధం చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. ఆమె మీద అంత కుళ్ళు నాకు అంతకుముందెప్పుడూ పుట్టలేదు.