ఇద్దరిళ్ళలో తిన్నాకే

మా నాయిన రావల్‌కోల్‌లో గట్టు తగాదాలు తెంపే పెద్దమనిషి. ఆయనకొక పట్టింపు ఉండేది. తగువు పడ్డ ఇద్దరిళ్ళలోనూ ఒకే రోజు భోంచేస్తే తప్ప నోరు విప్పేవాడు కాదు. "ఒకింట్ల తిని ఇంకొకింట్ల తినకుంటె, అప్పుడే తీర్పు జెప్పినట్టు" అనేవాడు. మధ్యాహ్నం ఒక ఇంట్లో జొన్నరొట్టె, పొద్దుగూకేసరికి ఇంకో ఇంట్లో అన్నం పప్పు. పొట్ట పట్టుకుని ఇల్లు చేరితే అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చేది. "మీ పంచాయితి ఎప్పుడు తెగుతదో గని నా వాము డబ్బ ఒడుస్తాంది" అని దెప్పేది.

2013లో నేను నగరంలో ఒక తెలుగు పత్రికకు విదేశీ వార్తలు అనువదించేదాన్ని. పొద్దటి షిఫ్టు. షేర్ ఆటోలో మేడ్చల్ దాకా, అక్కణ్ణుంచి బస్సు. అప్పటికి అమ్మ పోయి నాలుగేళ్ళు. సాయంత్రాలు నాయినకు ఏం తోచేది కాదు, అందుకని ఆ రోజు నేను రాసినవన్నీ ఆయనకు చెప్పేదాన్ని. ఎన్నికలు, భూకంపాలు చెవికెక్కేవి కావు. ఇజ్రాయెల్‌కూ పాలస్తీనాకూ రాజీ కుదర్చాలని అమెరికా విదేశాంగ మంత్రి అటూ ఇటూ తిరుగుతున్న ముచ్చట మాత్రం కళ్ళు మూసుకుని వినేవాడు. తన పనే చేస్తున్న ఇంకొకడు దొరికాడు కదా.

"గాయన ఇద్దరింట్ల తిన్నడా?" అన్నది మొదటి ప్రశ్న.

"అది వార్తల్ల రాయరు నాయినా."

"గదే రాయకుంటె ఇగ ఏం రాస్తరే మీరు?"

ఆ రంజాన్ నెలలో రెండు పక్షాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఇఫ్తార్ విందు ఇచ్చారన్న వార్త వచ్చింది. తొమ్మిది నెలల్లో ఒప్పందానికి రావాలని గడువు కూడా పెట్టుకున్నారు. బస్సు దిగీ దిగకముందే నాయినకు ఫోన్ చేసి చెప్పాను. "తిన్నరా! ఇగ తెగుతది బిడ్డా" అని ఆయన పెళ్ళి కుదిరినంత సంబరపడ్డాడు. నాకు మాత్రం ఆ సంబరం అంటలేదు. ఎందుకంటే ఊరందరి తగువులూ తెంపిన మా నాయిన అప్పటికి పదకొండు నెలలుగా తన నేస్తంతో మాట్లాడడం లేదు.

ఆ నేస్తం మా పక్క చేను చాచా. నలభై ఏళ్ళ స్నేహం. ప్రతి రంజాన్ పండుగకూ వాళ్ళింటి నుంచి మూతగిన్నె నిండా పాలు, సేమ్యాల షీర్ ఖుర్మా వచ్చేది. ఆ గిన్నెను అమ్మ ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. వట్టి గిన్నె పంపడమంటే ఇక రాకపోకలు వద్దన్నట్టే మా దగ్గర. అమ్మ పోయాక కూడా గిన్నె వస్తూనే ఉంది, నేను బియ్యప్పిండితో కారంగా సర్వపిండి కాల్చి నింపి పంపేదాన్ని.

2012 పండుగకు వచ్చిన గిన్నె మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ వారంలోనే నాయిన రోడ్డు వైపు పొలం చెక్కను ప్లాట్లు వేసేవాళ్ళకు అమ్మాడు. చాచా పొలానికి పోయే బండ్ల బాట అందులోనే ఉంది. ఎన్నో పంచాయితీల్లో "బాట సంగతి కాయితంల రాయిచ్చిండ్రా?" అని గద్దించిన మనిషి, తన కాగితంలో రాయించడం మరిచిపోయాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ప్లాట్లవాళ్ళ గోడ లేచి బాట మూసుకుపోయింది. చాచా ఎరువు గంపలు నెత్తిన పెట్టుకుని గట్ల మీదుగా మోసుకుపోతుంటే, నాయిన ఇంట్లో తలుపు చాటున నిలబడి చూసేవాడు. పోయి ఒక్క మాట అనడానికి ఆయనకు సిగ్గు. వచ్చి అడగడానికి చాచాకు రోషం.

అప్పుడు నా తెలివి వెలిగింది. ఆ 2013 చలికాలం నేను రోజూ రాస్తున్నవి అవే మాటలు: చర్చలకు ముందు ఖైదీల విడుదల, సుహృద్భావ చర్య, షరతులు లేకుండా తొలి అడుగు. మనమూ ఒక అడుగు వేద్దామనుకున్నాను. ఏమైనా వండితే నాయిన ఎవరికని అడుగుతాడని భయం. చింతపండుతో గిన్నెను తళతళా తోమి, వట్టి గిన్నె పంపరాదన్న సంగతే మరిచి, ఆఫీసుకు పోతూ పోతూ చాచీ చేతిలో పెట్టాను. ఆమె మూత తీసి లోపలికి చూసింది. మళ్ళీ మూత పెట్టింది.

"గుప్పెడు చక్కెర ఏసి ఇచ్చినా సరిపోతుండె గద బిడ్డా" అంది.

వెనుక నుంచి చాచా గొంతు వినిపించింది. "గిన్నె సాఫ్, రిష్తా గూడ సాఫ్. ఇగ దోస్తానా లేదని మీ నాయినకు జెప్పు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సాయంత్రం ఏడుస్తూ నాయినకు చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండు. "మీ అమ్మ ఉంటె ఆపుతుండె" అని మాత్రం అన్నాడు.

ఏప్రిల్ వచ్చేసరికి అక్కడ కూడా చర్చలు చెడిపోయాయి. విడుదల కావలసిన ఆఖరి ఖైదీల జట్టు ఆగిపోయింది, ఇరువైపులా మాటలు పెరిగాయి, గడువు దాటిపోయింది. నాయిన విని, లేచి బయటికి పోయాడు. ఆ ఎండాకాలం మా ఇంట్లో విదేశీ వార్తల ఊసే లేదు.

జూలైలో అక్కడ యుద్ధం మొదలైంది. మళ్ళీ రంజాన్ నెల. నేను అనువదించే వార్తల్లో పిల్లల వయసులు ఉండేవి. ఐదు, ఏడు, రెండు. ఒకరోజు ఆ అంకెలు టైపు చేసి చేసి చేతులాడక, బాత్‌రూమ్‌లోకి పోయి ముఖం కడుక్కుని వచ్చాను. ఆ సాయంత్రం నా ముఖం చూసి నాయినే అడిగాడు.

"గా మంత్రి గిప్పుడు యాడున్నడే?"

"కైరోల ఉన్నడు నాయినా. కాల్పులు ఆపించాలని తిరుగుతండు."

"మొన్ననే గద ఓడిపోయిండు. మల్ల తిరుగుతాండా?"

"మల్ల తిరుగుతండు."

"సిగ్గు లేనోడు" అన్నాడు నాయిన. ఆ మాట అంత గౌరవంగా అనడం నేనెన్నడూ వినలేదు. తరువాత రుమాలు భుజాన వేసుకుని లేచాడు. "పా బిడ్డా."

మేం పోయేసరికి చాచా ఇంట్లో చాప పరిచి ఉంది. ఉపవాసం విడవడానికి మసీదు సైరన్ కోసం చూస్తున్నారు. నాయిన గడప బయటే నిలబడ్డాడు. వందల పంచాయితీల్లో తీర్పు చెప్పిన మనిషి రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"భాయ్, తప్పు నాది. బాట యాది మరిచిన. సిగ్గయి రాలే. వట్టి గిన్నె నేను పంపలే, పంపుతనా?"

సైరన్ మోగింది. పొద్దంతా మంచినీళ్ళు ముట్టని చాచా చేతిలో ఖర్జూరం ఉంది. దాన్ని తన నోట్లో వేసుకోలేదు. లేచి వచ్చి నాయిన చేతిలో పెట్టాడు. "ముందుగాల తిను పటేలా. తర్వాత మాట్లాడు." నాయిన తింటూ ఏడ్చాడు. నాకూ ఆగలేదు. అప్పుడు చాచా చాప మీద జరిగి చోటిస్తూ అన్నాడు, "రెండిండ్లల్ల తినాలె గద నీ లెక్క. మీ ఇంటికి నేనెప్పుడు రావాలె?"

మర్నాడు నాయిన తనకు మిగిలిన మొక్కజొన్న చేలో బండి పట్టేంత వెడల్పున మోకాలెత్తు మొక్కలను తన చేతులతోనే పీకి, కొత్త బాటకు రెండు వైపులా రాళ్ళు పాతాడు. ఈసారి కాగితం కూడా రాయించాడు.

పండుగనాడు గిన్నె వచ్చింది. చాచానే తెచ్చి మా ఇంట్లో భోంచేసి పోయాడు. అక్కడ ఇంకా కాల్పులు ఆగలేదు. మర్నాడు సర్వపిండి కాల్చి గిన్నెలో సర్దుతుంటే నాయిన వంటింట్లోకి వచ్చాడు.

"ఆడ గూడ ఎవలింట్లనో ఎవలదో గిన్నె ఉండే ఉంటది గదనే?" అన్నాడు.

"ఉంటదేమో నాయినా."

ఆయన చక్కెర డబ్బా తీసి, కారం సర్వపిండి మీదే గుప్పెడు చక్కెర పోసి, మూత గట్టిగా నొక్కాడు.