సంగటి తాతకు సెలవు

ఆ రోజుల్లో గెజిట్‌లో అచ్చయిన మాట తెల్లారేసరికల్లా లోకంలో జరిగిపోతుందని నమ్మేవాళ్ళం మన రాష్ట్రంలో ఇద్దరం ఉండేవాళ్ళం. ఒకరు ప్రభుత్వంవారు, రెండోవాణ్ణి నేను. ప్రభుత్వంవారికి ఏ మూలనో కాస్త అనుమానమైనా ఉండేదేమో, నాకు అదీ లేదు. కృష్ణ ఒడ్డున పుట్టి, పచ్చని చేలు చూస్తూ పెరిగినవాణ్ణి. చదువు అవుతూనే కార్మిక శాఖలో అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం దొరికి, అరవైల మొదట్లో ఒక మండువేసవి పూట తాడిపత్రిలో రైలు దిగాను. దుకాణాల చట్టాన్ని అప్పుడప్పుడే ఆ ఊరికి వర్తింపజేశారు. కొట్లలో, హోటళ్ళలో పనిచేసే ప్రతి మనిషికీ వారానికొక రోజు జీతంతో సెలవివ్వాలి. చూడండి, ఎంత చల్లని మాటో! ఈ మాట చెప్పగానే బజారంతా నన్ను భుజాల మీద మోస్తుందనుకున్నాను.

బట్టల కొట్టు సావుకారు నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, విసనకర్ర ఆపి, "సెలవా? రెండేండ్లుగా వాన లేక ఊరికి ఊరే సెలవులో ఉండాది కదప్పా, మల్లా నువ్వేంది కొత్తగ ఇచ్చేది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ సాయంత్రానికి నా పేరు 'సెలవల సారు' అయిపోయింది. (అసలు పేరు తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో పోస్టుమాన్ తప్ప ఎవరూ మిగల్లేదు.) వారం తిరక్కుండా సావుకారే ఇంకో మెలిక పెట్టాడు. "సరే సారూ, నువ్వు దినామూ తినే మెస్సు ఉండాది గదా? ఆడ సంగటి తాతకు ముందు సెలవిప్పిచ్చి రా. ఆ మర్నాడే నా కొట్లో పిల్లోల్లకు నేనిస్తా." మిగతా కొట్లవాళ్ళంతా అదే పాట అందుకున్నారు. జిల్లా నుంచి మా పెద్ద సారు తనిఖీకి వస్తున్నట్టు కబురందింది. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. తాత సెలవు మీద నా బతుకు ఆధారపడింది.

ఆ మెస్సు బస్టాండు వెనక ఉండేది. నడిపే ఆవిణ్ణి ఊరంతా అక్క అనేవారు. కూర్చోవడానికి నాపరాతి బల్లలు. సంగటి తాత అందులో వంటమనిషి. అరవై దాటిన మనిషి, ఎండుకట్టెలాంటి ఒళ్ళు, కానీ తెడ్డు పట్టి రాగిసంగటి కెలికేటప్పుడు ఆ చేతుల్లో ఎక్కడలేని బలం వచ్చేది. నేను వెళ్ళిన కొత్తలో ఆ ముద్దను నమలబోయి దవడ నొప్పి తెచ్చుకుంటే, "నమిలేది కాదప్పా, మింగేది" అని పక్కన కూర్చుని చిన్నపిల్లాడికి నేర్పినట్టు నేర్పించాడు. అలాంటివాడికి నా చేతుల మీదుగా మేలు జరగబోతోందని సంతోషిస్తూ అక్క దగ్గర విషయం ఎత్తాను.

"పనోడా? తాత పనోడని నీకెవురు చెప్పినారు?" అంది అక్క, గంటె పట్టుకుని. "మా నాయన మాదిరి ఆయప్ప."

"జీతం ఇస్తున్నారా లేదా?"

"ఇస్తాండా."

"అయితే చట్టం ప్రకారం పనివాడే."

లోపలి నుంచి తాత వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "ఏమప్పా, నేనేం తప్పు జేసినా? సంగటిలో ఉండ గానీ తగిలిందా? పనిలోంచి తీసేయమంటాండావు?" అన్నాడు. తీసేయడం కాదు తాతా, సెలవు, జీతంతో సెలవు అని నేను ఎన్ని విధాల చెప్పినా ఆయనకు అది శిక్షలాగే వినిపించింది. చివరికి అక్కే, నా ఉద్యోగం సంగతి విని జాలిపడి, "పోనీ తాతా, పాపం ఈ పిల్లోని కోసరం శుక్రవారం ఒగదినం ఇంట్లో ఉండు" అని తీర్పు చెప్పింది.

మొదటి శుక్రవారం నాకింకా గుర్తుంది, నా కడుపుకి మరీ గుర్తుంది. అక్క వండిన సంగటి గోడకు వేస్తే అతుక్కునేలా ఉంది. లారీ డ్రైవర్లు నన్నే చూస్తూ తిన్నారు. ఉతికిన చొక్కా తొడుక్కుని తాత వచ్చి అందరితోపాటు బల్ల మీద కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాడు, కళ్ళు మూసుకున్నాడు, లేచి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి లోపలికి పోయాడు. నేను వెనకే పరిగెత్తి తెడ్డు పట్టుకున్నాను. తాత ఒక కొస, చట్టం ఒక కొస. డ్రైవర్లు ఆనందంగా చూస్తున్నారు. ఆయన్ను ఊళ్ళో ఉంచితే లాభం లేదని నాకప్పుడర్థమైంది.

"సెలవు రోజున ఇక్కడ కూర్చోవడమేమిటి తాతా, ఎక్కడికైనా వెళ్ళి రావచ్చుగా? ఎక్కడికి వెళ్తావో చెప్పు."

"యాడికి," అన్నాడు తాత.

"అదే, ఎక్కడికి అని?"

"యాడికి అంటాండా గదప్పా!"

నేను మళ్ళీ అడిగాను, ఆయన మళ్ళీ అదే అన్నాడు. నన్ను వెక్కిరిస్తున్నాడని నాకు కోపమొచ్చింది, చెప్పింది వినిపించుకోవడం లేదని ఆయనకూ వచ్చింది. అక్క నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుని, "యాడికి అనేది ఊరు సారూ, బస్సులో గంట కూడా పట్టదు. తాత బిడ్డనిచ్చింది ఆడికే" అంది. మావైపు 'ఎక్కడికి' అనే మాటే ఇక్కడ ఒక ఊరవుతుందని ఏ గెజిట్‌లోనూ రాయలేదు మరి.

ఇంత దగ్గరున్న కూతుర్ని తాత పెళ్ళయ్యాక ఒక్కసారీ చూడలేదు. పెళ్ళి విందులో తాత స్వయంగా చేసిన ఓళిగలను (బొబ్బట్లంటాం మేము) వియ్యంకుడు చేత్తో తట్టి, "వీటితో ఇల్లు గట్టచ్చు, తాడిపత్రి బండల కంటే గట్టిగ ఉండాయి" అన్నాడట, నలుగురిలో. ఆ గడప తొక్కనని తాత పంతం పట్టాడు. కూతురు కబురంపినప్పుడల్లా "పని ఉండాది, సెలవ ల్యాదు" అనేవాడు. అది చెబుతూ ఆయన నావైపు దీనంగా చూశాడు. "ఇన్నేండ్లూ ఆ మాటతోనే గడుపుకొస్తి. ఇప్పుడు నువ్వు సెలవిప్పిస్తివి. ఇంగ ఏం జెప్పాల?"

నాకు సెలవు ఇప్పించడం తెలుసు గానీ, ఇచ్చాక ఇలాంటి చిక్కు వస్తుందని తెలీదు. చివరికి తాత, "ఇచ్చినోడివి నువ్వే, తోడు రా" అన్నాడు. మరుసటి శుక్రవారం యాడికి కూడా నా పరిధిలోదేనని క్యాంపు వేసుకుని ఆయనతో బస్సెక్కాను. దారి పొడుగునా తాత కిటికీలోంచి ఎండిన చేలను చూస్తూ కూర్చున్నాడు.

వియ్యంకుడు అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, తెల్లని మీసాలు. "ఏమప్పా, పని వదిలిపెట్టి వచ్చినావే?" అన్నాడు, కొంచెం వెటకారంగా. తాత అడుగు వెనక్కి పడబోయింది. ఆగి, నా భుజం పట్టుకుని ముందుకు నెట్టాడు. "నేనుగా రాలేదు. గవర్మెంటు పంపిచ్చింది. ఇదో, ఈయప్పే గవర్మెంటు. వారానికొగ దినం బిడ్డనింటికి పోవాల్సిందే అని చట్టం జేసినారు."

వియ్యంకుడు నా ఇస్త్రీ ప్యాంటునీ, చేతి సంచీనీ ఎగాదిగా చూసి మంచం మీంచి కాళ్ళు దించాడు. "నిజమేనా సామీ? పోకుంటే జుల్మానా కూడా ఉండాదా?"

చట్టమంతా నాకు కంఠతా వచ్చు. అందులో కూతుళ్ళ ప్రస్తావన ఏ సెక్షన్లోనూ లేదు. తలుపు వెనక నుంచి తాత కూతురు, ఆమె కొంగు పట్టుకుని ఒక చిన్న పాప, ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, "ఉంది. రానివ్వనివాళ్ళకు కూడా ఉంది," అన్నాను.

"అట్లయితే కూచో బావా, యాల నిలబడ్డావు?" అని వియ్యంకుడు మంచంలో చోటిచ్చాడు. కూతురు చెంబుతో నీళ్ళు తెచ్చి, ఇవ్వబోయి, ఏడ్చేసింది. పాప మాత్రం జంకు లేకుండా తాత దగ్గరికి వచ్చి, "నువ్వేనా సంగటి జేసేది?" అని అడిగింది. ఆ పూట వియ్యంకులిద్దరూ ఒకే పళ్ళెంలో తినకపోయినా, ఒకే వాన గురించి మాట్లాడుకున్నారు. రాని వాన గురించే అయినా, మాట్లాడుకున్నారు.

తిరుగు బస్సులో తాత నన్ను అడిగాడు. "మీ అమ్మను జూసి ఎన్నాల్లాయప్పా?"

"ఉద్యోగంలో చేరాక వెళ్ళలేదు తాతా. పని తెమలదు. మా గవర్నమెంటు ఆఫీసులకు ఈ చట్టం వర్తించదు."

"అయ్యో, మీకు ల్యాదా?" అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. "ఎవురికన్నా అర్జీ పెట్టుకోప్పా, పాపం."

పెట్టుకున్నాను. ఆ నెల్లోనే అమ్మను చూసి వచ్చాను. పెద్ద సారు తనిఖీకి వచ్చి, సెలవిస్తున్నారా అని తాతను అడిగితే, "ఇస్తాండారు సామీ, రెండు దినాలు ఇయ్యగూడదా?" అన్నాడు. నా ఉద్యోగం ఖాయమైంది. సావుకారు మాట తప్పలేదు, మేము యాడికి వెళ్ళొచ్చిన మర్నాడే కొట్లో పిల్లలకు వంతులవారీగా సెలవులు మొదలుపెట్టాడు, నన్ను రోజూ నాలుగు తిడుతూనే.

ఇప్పుడు నా వయసు అప్పటి తాత వయసును దాటిపోయింది. ఒక్కోసారి ఆ కుర్రాడు కళ్ళకు కడతాడు, మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ, చంకలో చట్టం పెట్టుకుని, అడగని వాళ్ళందరికీ సెలవులు పంచుతూ బజారులో పోతుంటాడు. పిలిచి, నీడన కూర్చోబెట్టి, "ఏమప్పా, అన్నం తినినావా?" అని అడగాలనిపిస్తుంది.