మా చర్చికే వస్తారన్నయ్యా

మధ్యవర్తులకు శిక్షణ ఇచ్చే మనిషికి భయమేమిటని అందరూ అనుకుంటారు. అసలు భయమంతా నాదే. శిక్షణలో ఉన్నవాళ్లు నిజమైన తగువు తీర్చేటప్పుడు నేను వెనక కుర్చీలో కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఆ నియమం పెట్టింది కూడా నేనే. నా నోటి సంగతి ఎరిగినవాళ్లను అడగండి, అది నాకెంత శిక్షో చెప్తారు.

కలకత్తా భవానీపూర్‌లో ఒక పాత మేడ రెండో అంతస్తులో మాకు రెండు గదులున్నాయి. తగువులో ఉన్న ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం. ఒకరు చెప్పింది వాళ్లు ఒప్పుకుంటే తప్ప రెండోవాళ్ల చెవిన పడకూడదు. మా పనంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

ఆ రోజు తగువు తీరుస్తున్నది హౌరా దగ్గరి లిలువా ఊరి అమ్మాయి. రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే తెలుగాయన కూతురు. ఈ ఒక్కటీ ముగిస్తే శిక్షణ పూర్తవుతుంది. మా వాళ్ల తగువులకు మా భాష తెలిసిన మధ్యవర్తి కావాలని నేనే వెంటపడి తెచ్చుకున్నాను. నేను పుట్టింది ఓడరేవు దగ్గర, ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో. అక్కడ ముందు ఊరు చెప్పుకోవాలి, వరస కలుపుకోవాలి, ఆ తర్వాతే సంగతి. అన్నయ్యా వదినా అనందే మా వాళ్లు మనసు విప్పరు. దాన్నే పాఠంగా చెప్పాను. ‘ముందు వాళ్లలో మనిషివైపో’ అన్నాను. ఎంత గొప్పగా చెప్పానో అని మురిసిపోయాను కూడా. నా మొహం!

తగువు భార్యాభర్తలది. అతను ఖిదిర్‌పూర్ డాక్‌లో పనిచేస్తాడు. ఆమె ఏడేళ్ల కూతుర్ని తీసుకుని వెళ్లిపోయింది. తండ్రి కూతుర్ని ఎప్పుడు చూడాలి, ఎక్కడ చూడాలి, అంతే తేల్చాల్సింది. కొట్టడం, బెదిరించడం అన్న మాటలు కాగితాల్లో ఎక్కడా లేవు. “దిదీ, ఆవిడ ఈ మధ్య మా చర్చికి వస్తన్నారు, ముఖం ఎరుగుదును” అని పొద్దున్నే ఆ అమ్మాయి నాతో చెప్పింది. కలకత్తా తెలుగువాళ్లలో ముఖం ఎరగనిదెవరు, పర్వాలేదు పో అన్నాను.

ముందు ఆమెతో మాట్లాడాం. ఆమె తన కుర్చీని తలుపు కనబడేలా జరుపుకుని కూర్చుంది.

“నానెక్కడుంతన్నానో ఆయనికి తెలీకూడదండి. రెండుసార్లు ఇల్లు మారినాను. ఎక్కడికెల్లినా వచ్చి ఎదురుగుండా నిలబడతాడు. ఏటీ అనడు. ఉత్తినే నిలబడతాడు. పోయినసారి చేతిలో కిరసనాయిలు డబ్బా ఉన్నాది.”

అక్కడే ఆపేయాలి. బెదిరింపున్న చోట మధ్యవర్తిత్వం కూడదని ప్రతి తరగతిలోనూ గొంతు చించుకుని చెప్పేది నేనే. కానీ ఆ అమ్మాయి ఎంత బాగా వింటోందో! ఒక్క అరగంట, అతని మాటా వినేసి మర్యాదగా ముగిద్దాం అనుకున్నాను. నా శిష్యురాలు నెగ్గాలన్న పిచ్చి నాకు.

రెండో గదిలో అతను ఇస్త్రీ చొక్కాతో, నున్నగా గడ్డం గీసుకుని కూర్చున్నాడు. అమ్మాయి తనది లిలువా అని చెప్పి, అతని ఊరడిగి, అన్నయ్యా అని వరస కలిపింది. కాసేపటికి అతను ఏడవడం మొదలుపెట్టాడు.

“నా కూతురు కడుపునిండా తింటన్నాదా? అదొక్కటి సెప్పమ్మా, సాలు.”

లిలువా అమ్మాయి కరిగిపోయింది. “బెంగెట్టుకోకన్నయ్యా! వదినా పాపా బాగున్నారు. ఆదివారం ఆదివారం మా చర్చికే వస్తారు. నీకోసం ప్రార్థన చేస్తంటారు.”

ఏడ్చేవాళ్లను మా వాళ్లు ఓదార్చే తీరే అది. నీకోసం ప్రార్థన చేస్తున్నారంటే చాలు, ఎవరికైనా ఊరట. తాను ఏం చెప్పేసిందో ఆ అమ్మాయికి తట్టనేలేదు. నేను కుర్చీ అంచుకు జరిగాను.

అతని ఏడుపు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, జేబురుమాలు మడత పెట్టుకున్నాడు.

“లిలువాలో తెలుగు ఆరాధన ఎన్ని గంటలకమ్మా?”

“ఆపండి!” అని లేచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతన్ని గదిలోనే కూర్చోమని, అమ్మాయిని బయటికి లాక్కొచ్చాను. సంగతి అర్థమయ్యాక అది గోడకు ఆనుకుని నిలబడిపోయింది. “నాను సెప్తాను దిదీ, నాను ఒప్పుకుంతాను” అని ఏడ్చింది. వద్దన్నాను. పాఠం నాది, ఆపకపోవడం నాది, చెప్పుకోవాల్సిందీ నేనే.

చెప్పాను. మొదటి గదిలో ఉన్న ఆమె అంతా విని కూడా నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “ఈ ఆదివారం పాప చర్చిలో మొదటిసారి పాట పాడాలండి. పాడదని అక్కడెవరికైనా సెప్పండి” అంది. ఆమెను టాక్సీ ఎక్కించి పంపేదాకా అతన్ని పైనే కూర్చోబెట్టాం. పోలీసులకు చెప్పి, ఫిర్యాదు రాయించి వచ్చాం.

ఆదివారం నేను లిలువా వెళ్లాను. ఎందుకెళ్లానో అప్పుడూ తెలియదు. అతను రాకపోతే నా తప్పు తగ్గుతుందనుకున్నానేమో. ఆరాధన మొదలవక ముందే వచ్చాడు. లోపలికి రాలేదు, గేటు దగ్గర నిలబడ్డాడు. చేతిలో గుడ్డసంచి ఉంది. అందులో ఏముందోనని, పాస్టరు చెప్పే వాక్యం మీద ధ్యాస లేక, రెండు గంటలూ కిటికీలోంచి ఆ సంచినే చూస్తూ కూర్చున్నాను. బయటికొస్తుంటే నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

“వందనాలండి. మావోళ్లు ఈ వారం రానట్టున్నారు. పరవాలేదు, మల్లీ వస్తాను.”

అతను సందు మలుపు తిరిగాక ఆమెకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఫోన్‌లో ఆమె వెనక పాప పాడుకుంటోంది.

“సరేనండి. రేపే ఇల్లు ఖాళీ సేసేత్తాను.”

“అయ్యో నా తల్లీ, ఎక్కడికెళ్తావే?” అన్నాను.

“మీకు సెప్పనండి” అంది.